దిగినంక దాన్ని ఎవరు చూస్తరు?

పోయిన ఆదివారం నాన్నకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. స్పేస్‌ఎక్స్ కంపెనీ ఫాల్కన్ 9 రాకెట్ కింది భాగం పైకెళ్లి, పని ముగించుకుని, తిరిగొచ్చి సముద్రంలో ఉన్న ఓడ మీద కాళ్లు చాపుకుని నిలబడుతుంది కదా, అది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నాన్న కళ్లద్దాలు సర్దుకుని మొత్తం చూశాడు. ఫోన్ నా చేతికిచ్చి ఒకటే అడిగాడు.

"దిగుడు మంచిగనే దిగింది. దిగినంక దాన్ని ఎవరు చూస్తరు బిడ్డా?"

నాన్న ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సుల డిపోలో మెకానిక్‌గా చేశాడు. ఎక్కువ కాలం రాత్రి డ్యూటీలే. ఊళ్లో అందరికీ బస్సంటే పొద్దున స్టాపుకు వచ్చేది, మా ఇంట్లో బస్సంటే రాత్రి పదకొండు దాటాక డిపోకి వచ్చేది. డ్రైవర్ దిగి రిజిస్టర్‌లో రాస్తాడు, బ్రేక్ ఒక పక్కకు లాగుతోందనో, గేరు పడట్లేదనో. అక్కడి నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా ఆ బండి నాన్నది. పిట్‌లోకి దిగి టార్చిలైట్ వేసి కింద నుంచి చూడటం, నట్లు సుత్తితో తట్టి శబ్దం వినడం. ఎక్కడైనా పగులు అనుమానం వస్తే ఆ ఇనుము మీద కిరోసిన్ రాసి, కాసేపయ్యాక శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లేవాడట. పగులు ఉంటే లోపలికి దిగిన కిరోసిన్ మళ్లీ బయటికి ఊరి, తెల్లటి పొడి మీద సన్నటి గీత లేస్తుంది. నేను ఇప్పుడు బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ చూస్తాను, మేం చేసే డై పెనెట్రెంట్ టెస్టు కూడా అదే పద్ధతి, కాకపోతే కిరోసిన్ బదులు ఎర్ర రంగు ద్రవం. నాన్న దగ్గర ఆ మాట విన్నది నేను ఆరో తరగతిలో, డిప్లొమాలో మళ్లీ విన్నప్పుడు నాకది కొత్త పాఠంలా అనిపించలేదు.

అందుకే ఆయన అడిగింది నాకు మామూలు ప్రశ్నలా తోచలేదు. మనుషుల్ని ఎక్కించుకుని కక్ష్యలోకి వెళ్లొచ్చి, మళ్లీ వెళ్లే బండి గురించిన కథ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఆయనకు కొలంబియా గురించి, అంటే అంతరిక్షానికి వెళ్లిన నాసా మొదటి స్పేస్ షటిల్ గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ నాకే కొన్ని విషయాలు కొత్తగా అర్థమయ్యాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1981 ఏప్రిల్ 12. ఫ్లోరిడాలో కెనెడీ స్పేస్ సెంటర్, 39ఏ లాంచ్ ప్యాడ్. అక్కడ ఉదయం ఏడు, మనకు సాయంత్రం ఐదున్నర. నిజానికి 10వ తేదీనే వెళ్లాల్సింది, షటిల్‌లో ఉన్న నాలుగు ప్రధాన కంప్యూటర్లకూ బ్యాకప్‌గా పెట్టిన ఐదోదానికీ టైమింగ్ సెకనులో చిన్న ముక్క తేడా వచ్చి ఆపేశారు. ఆ రెండు రోజుల ఆలస్యం వల్ల సరిగ్గా అంతరిక్షానికి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ ఎగిరి ఇరవై ఏళ్లు నిండిన రోజుకు కుదిరింది, ఎవరూ ముహూర్తం పెట్టకుండానే. లోపల ఇద్దరే. కమాండర్ జాన్ యంగ్‌కు అప్పుడు 50 ఏళ్లు, అంతకుముందే నాలుగుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చాడు, చంద్రుడి మీద నడిచాడు. పైలట్ రాబర్ట్ క్రిపెన్‌కు అదే మొదటిసారి. రాకెట్ లేచేటప్పుడు క్రిపెన్ గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటే యంగ్‌ది 90 దగ్గరే ఉందట.

అంతకుముందు అమెరికా ఏ రాకెట్‌నైనా మొదట ఖాళీగా పంపి చూసి, తర్వాతే మనుషుల్ని ఎక్కించింది. షటిల్‌కు అలా చేయలేదు. 1977లో ఎంటర్‌ప్రైజ్ అనే నమూనాను బోయింగ్ 747 వీపు మీద పైకి తీసుకెళ్లి వదిలి, నేల మీదికి దిగడం మాత్రం పరీక్షించారు. పైకి వెళ్లడం, కక్ష్యలో తిరగడం, నిప్పుల్లోంచి కిందికి రావడం, ఈ మూడూ ఒకేసారి, మొట్టమొదటిసారి, లోపల ఇద్దరు మనుషులతో. ప్రమాదమైతే బయటపడటానికి ఎస్‌ఆర్-71 నిఘా విమానంలో ఉండేలాంటి ఎజెక్షన్ సీట్లు రెండు పెట్టారు, అంతే.

నాన్న ఇక్కడ ఆపాడు. "ట్రయల్ తియ్యకుండనే ప్యాసింజర్లనా?" ప్యాసింజర్లు కాదు నాన్నా, టెస్ట్ పైలట్లు అన్నాను. "ఎవరైతేంది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

టైల్స్ గురించి చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. అంతకుముందు వచ్చిన క్యాప్సూళ్లకు అడుగున ఒక కవచం ఉండేది, తిరిగొచ్చేటప్పుడు వేడికి అది మెల్లగా మాడి రాలిపోతూ లోపలున్నవాళ్లను కాపాడేది. మాడిపోయిన కవచం మళ్లీ పనికిరాదు. షటిల్ మళ్లీ మళ్లీ వెళ్లాలి కాబట్టి మాడని కవచం కావాలి. అందుకోసం ఇసుకలో ఉండే సిలికాతోనే సన్నటి పోగులు తీసి, వాటిని బిళ్లలుగా చేశారు. పది పాళ్లలో తొమ్మిది పాళ్లు గాలే, అంత తేలిక. కొలిమిలోంచి ఎర్రగా తీసిన బిళ్లను అంచులు పట్టుకుని ఉత్త చేత్తో ఎత్తొచ్చు, లోపల నిప్పులా ఉన్నా అంచు క్షణాల్లో చల్లారిపోతుంది. అలాంటివి కొలంబియాకు 30 వేలకు పైగా. విమానం ఒంటి వంపును బట్టి ఒక్కోదానిదీ ఒక్కో ఆకారం, ఒక్కోదానికీ ఒక నంబరు, అన్నీ చేత్తో అంటించినవే. అల్యూమినియం ఒళ్లు వేడికి సాగుతుంది, టైలు సాగదు, నేరుగా అంటిస్తే పగిలిపోతుంది, అందుకని మధ్యలో ఫెల్ట్ గుడ్డ లాంటి మెత్త వేసి జిగురు పెట్టారు. 1979 మార్చిలో కొలంబియాను కాలిఫోర్నియా నుంచి 747 మీద ఎక్కించి ఫ్లోరిడాకు తెస్తుంటే దార్లోనే చాలా టైల్స్ ఊడిపోయాయి. అప్పుడు ఒక్కో టైలునూ లాగి చూసే పరీక్ష పెట్టి, నిలవనివాటిని పీకి, అడుగుభాగం గట్టిపరిచి మళ్లీ అంటించారు. దాదాపు రెండేళ్లు రాత్రింబవళ్లు అదే పని. షటిల్ ఆలస్యానికి కారణం ఇంజిన్లతో పాటు ఈ బిళ్లలు.

ఇంకో సంగతి నాన్నకు చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. ప్రయోగానికి మూడు వారాల ముందు, 1981 మార్చి 19న, ఒక రిహార్సల్ అయ్యాక షటిల్ వెనక భాగంలోకి కొందరు టెక్నీషియన్లు వెళ్లారు. నిప్పు అంటుకోకుండా అందులో నైట్రోజన్ నింపి ఉంది. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు, లోపల ఊపిరాడట్లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. ప్రాణాలు పోయాయి. కొలంబియా ఇంకా నేల వదలకముందే పోయిన ప్రాణాలు అవి, పైలట్లవి కావు, పిట్‌లో పనిచేసేవాళ్లవి. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తాగొచ్చాడు.

ఇక ప్రయాణం. ఎనిమిదిన్నర నిమిషాల్లో కక్ష్యలోకి చేరిపోయారు. పక్కనున్న రెండు తెల్లటి బూస్టర్లు రెండు నిమిషాలకే విడిపోయి పారాచూట్లతో సముద్రంలో పడ్డాయి, వాటిని ఓడల్లో తెచ్చి మళ్లీ వాడారు. మధ్యలో ఉండే పెద్ద ట్యాంకు మాత్రం ప్రతిసారీ పోయేదే. మొదటి రెండు ప్రయాణాలకు ఆ ట్యాంకుకు తెల్ల రంగు వేశారు, తర్వాత ఆ రంగు మానేస్తే 270 కిలోల దాకా బరువు తగ్గింది. మనం ఫోటోల్లో చూసే ఆ ఇటుక రంగు ట్యాంకు అలా వచ్చింది, అది దాని ఒంటి మీద ఉండే నురుగు పూత రంగు. ఈ నురుగు పూత సంగతి మళ్లీ వస్తుంది.

కక్ష్యలోకి వెళ్లాక పైతలుపులు తెరిస్తే, వెనక తోక దగ్గర కొన్ని టైల్స్ లేవు. ఖాళీలు కళ్లకు కనిపిస్తున్నాయి. అక్కడ వేడి తక్కువ, పర్లేదు. కానీ అసలు వేడి తగిలేది అడుగున, లోపలి నుంచి అడుగు కనిపించదు. ఆ టెన్షన్‌తోనే 36 సార్లు భూమిని చుట్టి, 54 గంటల తర్వాత ఏప్రిల్ 14న కిందికి బయలుదేరారు. దిగేటప్పుడు ఇంజిన్ ఉండదు, గ్లైడర్ లాగా జారుతూ రావాలి. తప్పితే మళ్లీ పైకి లేచి చుట్టూ తిరిగి వచ్చే అవకాశం లేదు. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్స్ దగ్గర ఎండిపోయిన చెరువు మీద గంటకు 340 కిలోమీటర్ల వేగంతో చక్రాలు ఆన్చి ఆగింది.

అది మనకు రాత్రి 11:50. నేను లెక్కేసి చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి రెండేళ్లు, పెళ్లి కూడా కాలేదు. "అంటే మా ఆఖరి బండ్లు లోపలికి వచ్చే టైమే" అన్నాడు.

అవును, అదే టైము. డిపోలో చేసే పని అక్కడ కూడా మొదలైంది. 16 టైల్స్ పూర్తిగా పోయాయి, 148 దెబ్బతిన్నాయి. కుడి చక్రం గది దగ్గర టైల్స్ సందులో పెట్టిన చిన్న పట్టీ ఒకటి పైకి లేచి, వేడి గాలిని లోపలికి మళ్లించి, తలుపును వంకర చేసింది. అన్నిటికంటే భయం పుట్టించేది వేరే. బూస్టర్లు అంటుకున్న క్షణంలో కింద నుంచి తిరిగొచ్చిన ఒత్తిడి అల, ఇంజనీర్లు అంచనా వేసినదానికంటే చాలా బలంగా షటిల్‌ను కొట్టింది. వెనక అడుగున ఉండే బాడీ ఫ్లాప్ అనే రెక్క అనుమతించిన హద్దు దాటి వంగిపోయింది, ముందుభాగంలో లోపలున్న ఒక ట్యాంకును పట్టుకునే కడ్డీ నలిగింది. ఆ రెక్క అలా వంగిందని అప్పుడే తెలిసుంటే సీటు లివర్ లాగి దూకేసేవాళ్లమని యంగ్ తర్వాత చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఆ రెక్క మీదే ఆధారపడాల్సి వచ్చింది మరి. ముక్కు పైకి లేవకుండా ఉంచడానికి, లెక్కల్లో వేసుకున్నదానికి దాదాపు రెట్టింపు దాన్ని కిందికి దించాల్సొచ్చింది. గాలి అంత వేగంలో, అంత వేడిలో ఎలా ప్రవర్తిస్తుందో నేల మీద గాలి వీచి పరీక్షించే విండ్ టన్నెళ్లలో పూర్తిగా తెలియలేదు.

ఇవన్నీ బండిని తిరిగి తెచ్చుకున్నారు కాబట్టే తెలిశాయి. నన్ను ఎప్పుడూ కదిలించేది ఇదే. సముద్రంలో పడి మ్యూజియానికి వెళ్లిపోయే క్యాప్సూల్‌ను రెండో ప్రయాణానికి తయారుచేయాల్సిన పనే లేదు. కొలంబియా మళ్లీ వెళ్లాలి కాబట్టి ప్రతి దెబ్బా ప్రశ్న అయ్యింది. ఒత్తిడి అల కోసం లాంచ్ ప్యాడ్‌లో నీళ్లు చిమ్మే ఏర్పాటును మార్చేశారు, బూస్టర్ల కింది గోతుల్లోకి నీళ్లు, వాటి మీద నీటి సంచులు. 1981 నవంబర్ 12న అదే కొలంబియా జో ఎంగిల్, రిచర్డ్ ట్రూలీలతో మళ్లీ లేచింది. నా దృష్టిలో అసలు చరిత్ర ఆ రోజు. మనుషులతో కక్ష్యకు వెళ్లొచ్చిన బండి రెండోసారి వెళ్లడం అంతకుముందు ప్రపంచంలో జరగలేదు. ఎక్స్-15 విమానం 1963లోనే వంద కిలోమీటర్ల ఎత్తు దాటి వచ్చింది నిజమే, కానీ కక్ష్యలోకి వెళ్లలేదు.

మన ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లింది సోయజ్ టీ-11లో, తిరిగొచ్చింది సోయజ్ టీ-10లో. రెండూ ఒక్క ప్రయాణానికే. అప్పటికి కొలంబియా ఆరు ట్రిప్పులు కొట్టేసింది. అయితే సోయజ్ కుటుంబం నేటికీ నడుస్తోంది, షటిల్ 2011 జులైలో ఆగిపోయింది. అందుకని మళ్లీ వాడటమే గొప్ప, ఒకసారి వాడి వదిలేయడం తక్కువ అని నేను అనను.

మొదట్లో వాళ్లు చెప్పిన లెక్కలు వేరు. దిగిన రెండు వారాల్లో మళ్లీ పైకి, ఏడాదికి యాభై ట్రిప్పుల దాకా అన్నారు. ఒకే షటిల్ ఒకసారి లేచాక మళ్లీ లేవడానికి పట్టిన అతి తక్కువ సమయం 54 రోజులు, అది కూడా ఒక్కసారే, 1985లో అట్లాంటిస్ అనే షటిల్‌కు. ఒక్క ఏడాదిలో అన్ని షటిళ్లూ కలిసి ఎక్కువలో ఎక్కువ తొమ్మిది. ప్రతిసారీ టైల్స్ ఒక్కొక్కటీ చూడాలి, ఇంజిన్లు విప్పి చూడాలి. నాన్నకు ఇది వింతగా అనిపించలేదు. "మరి చూడకుంటె ఎట్ల?" అన్నాడు. ఆలస్యం గురించి ఎవరు తిట్టినా నాకు బాధ లేదు, ఆ చూడటం తగ్గినప్పుడు ఏమైందో తలుచుకుంటేనే బాధ.

2003 ఫిబ్రవరి 1, శనివారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి ఎనిమిది కావస్తుంటే టీవీలో నీలాకాశంలో తెల్లటి చారలు విడివిడిగా పడుతున్నాయి. కల్పనా చావ్లా ఉన్న షటిల్ అది. మా కాలేజీలో సగం మంది అమ్మాయిల పుస్తకాల అట్ట మీద ఆమె ఫోటో ఉండేది, నా ఫిజిక్స్ రికార్డు మీద కూడా. అది కొలంబియాయే. 1997లో ఆమె మొదటిసారి వెళ్లిందీ కొలంబియాలోనే. యంగ్, క్రిపెన్‌లను తీసుకెళ్లిన అదే బండికి అది 28వ ప్రయాణం.

కారణం ఆ నురుగు పూత. లేచిన 82 సెకన్లకు ట్యాంకు నుంచి ముప్పావు కిలో బరువున్న నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచును కొట్టింది. పదహారు రోజులు పైన తిరిగారు. కింద కొందరు ఇంజనీర్లు రెక్కను ఫోటోలు తీయించమని అడిగారు, పైవాళ్లు అవసరం లేదన్నారు. ఎందుకు అవసరం లేదనుకున్నారంటే నురుగు ఊడటం కొత్త కాదు, మొదటి ప్రయాణం నుంచీ ఊడుతూనే ఉంది. 1988లో బూస్టర్ ముక్కు మీది పూత ఊడి అట్లాంటిస్‌కు 700కు పైగా చోట్ల దెబ్బలు తగిలాయి, ఒక టైలు పూర్తిగా పోయింది, అయినా తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బలు ప్రమాదం అనే లెక్క నుంచి రిపేర్ అనే లెక్కలోకి జరిగాయి. విచారణ సంఘం నివేదికలో నన్ను కదలనివ్వకుండా చేసిన విషయం అదే.

ఇది చెప్పినప్పుడు నాన్న తన సంగతి ఒకటి చెప్పాడు, నాకెప్పుడూ చెప్పలేదు. ఒక బండి నాలుగు రోజులుగా మలుపులో కిర్రుమంటోందట. డ్రైవర్ ఏమీ రాయలేదు, బండి బాగానే వస్తోంది, పోతోంది. ఐదో రాత్రి నాన్న తనంతట తానే ఆపేశాడు. పొద్దున మొదటి ట్రిప్పు పోయింది, స్టాపుల్లో జనం నిలబడిపోయారు, మాటలు పడ్డాయి. విప్పితే వెనక కమాను కట్టలో రెండు పట్టీలు విరిగి ఉన్నాయి. "నాలుగు దినాలు తిరిగొచ్చిందంటె మంచిగున్నట్టు కాదు బిడ్డా. నాలుగు దినాలు ఆగిందని" అన్నాడు.

2003 విచారణ తర్వాత షటిళ్లకు పొడవాటి చేయి బిగించి, దాని కొనకు కెమెరా పెట్టి, కక్ష్యలోనే రెక్కల అంచులు చూసుకోవడం మొదలుపెట్టారు. మొదటి ప్రయాణం జరిగిన ఇరవై నాలుగేళ్లకు ఆ టార్చిలైట్ వచ్చింది. 1986లో చాలెంజర్ షటిల్ 73 సెకన్లకు ముక్కలైనప్పుడు, చలికి బూస్టర్ అతుకులోని రబ్బరు రింగు బిగుసుకుపోయినప్పుడూ ఇదే కథ. అంతకుముందు ప్రయాణాల నుంచి తెచ్చుకున్న బూస్టర్లలో ఆ రింగులు కాలి కనిపించాయి. బండి తన ఒంటి మీదే చెప్పింది. ఆ ప్రమాదం తర్వాత నాసా లోపల భద్రత గురించి గట్టిగా మెమోలు రాసిన మనిషి ఎవరో తెలుసా, జాన్ యంగ్. ఆయన మీద నాకున్న గౌరవం చంద్రుడి మీద నడిచినందుకు కాదు, ఆ మెమోల వల్ల.

135 ప్రయాణాలు, రెండు ప్రమాదాలు, పద్నాలుగు ప్రాణాలు. హబుల్ టెలిస్కోప్‌ను పైకి చేర్చింది షటిల్, 1993లో దాని చూపు సరిచేసింది షటిల్, అంతరిక్ష కేంద్రంలో పెద్ద పెద్ద భాగాలు చాలా వరకు మోసింది షటిల్. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా డ్రాగన్ క్యాప్సూల్‌లో లేచింది కూడా అదే 39ఏ ప్యాడ్ నుంచి.

చీకటి పడ్డాక నాన్న మొదటి ప్రశ్నకు తిరిగొచ్చాం. ఫాల్కన్ బూస్టర్‌ను ఓడ రేవుకు తెస్తుందని, అక్కడి నుంచి షెడ్డుకు తీసుకెళ్లి చూస్తారని, కొన్ని ముప్పై సార్లకు పైగా ఎగిరాయని చెప్పాను. అది కాల్చేది శుద్ధి చేసిన కిరోసిన్, ఆ ఒంటి మీద నల్లగా కనిపించేది దాని మసి అన్నాను. కిరోసిన్ అనగానే నవ్వాడు. మన ఇస్రో పుష్పక్ గురించి కూడా చెప్పాను. చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తాను రన్‌వే మీద దిగింది, 2024 మార్చిలో దిగిన అదే రెక్కల బండిని మార్పులు లేకుండా జూన్‌లో మళ్లీ దింపారు. మనుషులు ఎక్కేది కాదు అది, ఇంకా చిన్న పరీక్ష. నాన్న "మూడు నెలలా" అని వేళ్ల మీద లెక్కపెట్టాడు.

చివరికి 1981 ల్యాండింగ్ వీడియో పెట్టాను. కొలంబియా ఆగాక ముందు యంగ్ ఒక్కడే మెట్లు దిగుతాడు. దండలూ చేతులూపడాలూ ఏమీ లేవు. నేరుగా విమానం కిందికి వెళ్లి, అటూ ఇటూ తిరుగుతూ, తల ఎత్తి టైల్స్ చూసుకుంటూ, సంతోషం పట్టలేక పిడికిలి ఊపుతాడు. నాన్న దాన్ని మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ. నాలుగోసారి చూసి ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"డ్రైవర్ మంచోడు" అన్నాడు.